శిఖరం సగం దారి మాత్రమే
ఎనిమిది వేల మీటర్ల ఎత్తున పొంచి ఉండే ప్రమాదాలు

దూరపు కొండలు నునుపు అని పెద్దలు అంటారు. కొండల నీడన పుట్టి పెరిగిన వారికి ఈ సామెతను విడమరచి చెప్పనక్కరలేదు. ఊరి పొలిమేర నుంచి చూస్తే నీలిరంగులో నున్నగా కనిపించే గుట్ట, దగ్గరకు పోతే ముళ్ళపొదలతో, జారుడు రాళ్ళతో ఎదురవుతుంది. ప్రపంచంలోకెల్ల ఎత్తైన పర్వతాల విషయంలో ఈ సామెత మరింత కఠినమైన సత్యం. శిఖరంపై జెండా పట్టుకుని నిలిచిన విజేతల చిత్రాలు పత్రికలలో తరచుగా వస్తుంటాయి. ఆ చిత్రం తీసే వేళకు ఆ మనిషి ప్రయాణంలో సగమే ముగిసిందని చూసేవారికి సాధారణంగా తట్టదు.

1921 నుంచి 2006 వరకు ఎవరెస్టుపై సంభవించిన మరణాలను కొందరు వైద్య నిపుణులు పరిశీలించి 2008లో ఫలితాలను ప్రకటించారు. 8000 మీటర్లకు పైన తిరిగిన తరువాత ప్రాణాలు కోల్పోయిన 94 మందిలో 53 మంది శిఖరాన్ని చేరి, దిగివస్తూ మరణించినవారే. మరో 16 మంది శిఖరం చేరకుండానే వెనుదిరిగి, దిగే దారిలో కన్నుమూశారు. ఎక్కుతూ మరణించినవారు వీరికంటె చాలా తక్కువ. కొండ ఎక్కడమే కష్టమని, దిగడం సులువని సామాన్యంగా అందరూ భావిస్తారు. మరి ఇక్కడ లెక్క ఎందుకు తారుమారైంది? ఈ ప్రశ్నకు సమాధానం మంచులో కంటె మనిషి దేహంలోనే ఎక్కువగా దొరుకుతుంది.

పద్నాలుగు శిఖరాలు

సముద్రమట్టానికి 8000 మీటర్లకు మించి ఎత్తుగల శిఖరాలు భూమిపై 14 ఉన్నాయి. ఇవన్నీ హిమాలయ, కారకోరం పర్వత శ్రేణులలోనివే. వీటిలో అన్నిటికంటె ఎత్తైన ఎవరెస్టు నేపాల్, టిబెట్ సరిహద్దున ఉంది. నేపాలీయులు దీనిని సగర్మాథా అని, టిబెట్టువారు చోమోలుంగ్మా అని పిలుచుకుంటారు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన కొలత ప్రకారం దీని ఎత్తు 8848.86 మీటర్లు. రెండవది కారకోరంలోని కె-2. దాని ఎత్తు 8611 మీటర్లు. మూడవదైన కాంచనజంగ 8586 మీటర్ల ఎత్తున సిక్కిం, నేపాల్ సరిహద్దులో నిలిచి ఉంది.

ఈ ఎత్తును ఊహించడానికి ఒక పోలిక చెప్పవచ్చు. ఒడిశాలో అన్నిటికంటె ఎత్తైన కొండ కొరాపుట్ జిల్లాలోని దేవమాలి. దాని ఎత్తు 1672 మీటర్లు. అటువంటి కొండలను ఐదింటిని ఒకదానిపై ఒకటి పేర్చినా ఎవరెస్టు ఎత్తుకు ఇంకా దాదాపు ఐదు వందల మీటర్లు తక్కువే అవుతుంది. నీలగిరులలోని దొడ్డబెట్ట కూడా 2637 మీటర్లే.

అయితే ఎత్తు ఒక్కటే ప్రమాదానికి కొలమానం కాదు. ఎత్తులో పదవ స్థానంలో ఉన్న అన్నపూర్ణ (8091 మీటర్లు) ప్రాణనష్టంలో చాలాకాలం మొదటి స్థానంలో నిలిచింది. 2012 నాటికి ఆ శిఖరాన్ని చేరినవారు సుమారు 190 మంది కాగా, ఆ పర్వతంపై మరణించినవారు సుమారు 60 మంది. అంటే విజయం సాధించిన ప్రతి ముగ్గురికి ఒక ప్రాణం బలి అయిందన్న మాట. ఎవరెస్టుపై ఆ నిష్పత్తి చాలా తక్కువే. కాని ఎక్కేవారి సంఖ్య ఎక్కువ కావడం వల్ల 2024 చివరి నాటికి అక్కడ మరణించినవారి సంఖ్య 330 దాటింది.

గాలి ఎందుకు చాలదు?

పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. సముద్రతీరాన అయినా ఎవరెస్టు శిఖరాన అయినా గాలిలో ప్రాణవాయువు పాలు దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం.

గిడ్డంగిలో పత్తి బస్తాలను ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు అడుగు బస్తా పైవాటి బరువుకు అణగి గట్టిపడుతుంది. అన్నిటికంటె పైనున్న బస్తాలో పత్తి వదులుగా ఉంటుంది. భూమిని ఆవరించిన గాలి కూడా అంతే. సముద్రమట్టాన ఉన్న గాలి పైనున్న గాలి బరువుకు అణగి చిక్కగా ఉంటుంది. పైకి పోయినకొద్దీ అది పలుచబడుతుంది. ఎవరెస్టు దక్షిణ మార్గంలో, సుమారు 5300 మీటర్ల ఎత్తున ఉన్న ఆధార శిబిరం వద్ద పీడనం సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు సగం. శిఖరంపై మూడో వంతు. అక్కడ నిండుగా పీల్చిన ఊపిరి, ఇక్కడ పీల్చిన ఊపిరిలో మూడో వంతు ప్రాణవాయువును మాత్రమే దేహానికి అందిస్తుంది.

సముద్రతీరం నుంచి ఒక మనిషిని ఉన్నపళంగా తీసుకుపోయి ఎవరెస్టుపై నిలబెడితే కొద్ది నిమిషాలలోనే స్పృహ కోల్పోతాడు. పర్వతారోహకులు అక్కడ కొంతసేపైనా నిలవగలగడానికి కారణం, దేహాన్ని వారాల తరబడి ఆ గాలికి అలవాటు చేయడమే. శ్వాస వేగం పెరుగుతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే ఎర్ర కణాలు అధికమవుతాయి. అందుకే వారు ఒక శిబిరం నుంచి పై శిబిరానికి ఎక్కి, తిరిగి కిందికి దిగి నిద్రిస్తూ, మెల్లమెల్లగా ఎత్తు పెంచుకుంటారు. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. ఎర్ర కణాలు పెరిగినకొద్దీ రక్తం చిక్కబడుతుంది. నీరు తగినంత తాగకపోతే గడ్డలు కట్టే ముప్పు ఏర్పడుతుంది.

ఈ అలవాటుకు ఒక హద్దు ఉంది. సుమారు 8000 మీటర్లు దాటిన తరువాత దేహం ఎన్ని రోజులు గడిపినా ఆ గాలికి అలవాటు పడదు. జీర్ణశక్తి మందగిస్తుంది, నిద్ర పట్టదు, కండరాలు కరిగిపోతాయి. అక్కడ గడిపే ప్రతి గంటా దేహం క్షీణిస్తూనే ఉంటుంది. అందుకే ఆ ఎత్తును మృత్యుమండలం అని పిలుస్తారు. 1952లో ఎవరెస్టు యాత్రకు నాయకత్వం వహించిన స్విస్ వైద్యుడు ఎడ్వర్డ్ విస్-డ్యునాన్ ఈ భావనకు ప్రచారం కల్పించారు. 1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ సిలిండర్ల సహాయం లేకుండా ఎవరెస్టు ఎక్కి, మనిషికి అది సాధ్యమేనని నిరూపించారు. అయినా నేటికీ ఆ విధంగా ఎక్కగలిగేవారు చాలా కొద్దిమంది.

ఊపిరితిత్తులు, మెదడు

ఎత్తైన ప్రదేశాలలో కలిగే అస్వస్థత సామాన్యంగా తలనొప్పితో, వికారంతో ప్రారంభమవుతుంది. ఆ దశలో ఆగితే చాలావరకు తగ్గిపోతుంది. లెక్కచేయక పైకి సాగితే అది రెండు ప్రాణాంతక రూపాలు దాల్చవచ్చు.

మొదటిది ఊపిరితిత్తులలో నీరు చేరడం. పీడనం తక్కువైన గాలిలో ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని, వాటి నుంచి ద్రవం గాలి గదులలోకి ఊరుతుంది. కూర్చున్న చోటనే ఆయాసం వస్తుంది, దగ్గుతో గులాబీ రంగు నురగ పడుతుంది. ఒకవిధంగా చెప్పాలంటే మనిషి పొడినేలపై ఉండగానే మునిగిపోతాడు. రెండవది మెదడు వాపు. దీనికి లోనైనవాడు తాగినవానివలె తూలుతాడు, మాట తడబడుతుంది, ఎక్కడున్నదీ తెలియదు. కొద్ది గంటలలోనే స్పృహ తప్పవచ్చు. సిలిండరు గాలి, కొన్ని మందులు కొంత వ్యవధిని ఇస్తాయి. అసలైన చికిత్స మాత్రం ఒక్కటే, వెంటనే కిందికి దింపడం.

బుద్ధిని కమ్మే మంచు

పై రెండు వ్యాధులు రానివారికి కూడా తప్పని ప్రమాదం మరొకటి ఉంది. ప్రాణవాయువు కొరత మొట్టమొదట దెబ్బతీసేది మెదడునే. తాడుకు ముడి వేయడం, సిలిండరు మార్చడం, గడియారం చూసి మిగిలిన సమయాన్ని లెక్కించడం వంటి చిన్న పనులు కూడా అక్కడ కొండంత భారమవుతాయి. కొందరు లేనివారిని చూస్తారు. 1933లో ఎవరెస్టుపై ఒంటరిగా మిగిలి ముందుకు సాగిన ఆంగ్లేయుడు ఫ్రాంక్ స్మైత్, తన పక్కన ఎవరో నడుస్తున్నారన్న భ్రమతో మిఠాయి ముక్కను రెండుగా విరిచి, సగం ఇవ్వడానికి వెనుదిరిగాడు. అక్కడ ఎవరూ లేరు.

ఈ స్థితిలో భయంకరమైన విషయమేమిటంటే, తన బుద్ధి మందగించిందన్న సంగతి ఆ మనిషికే తెలియదు. నొప్పి పుడితే కాలు చెబుతుంది, ఆకలి వేస్తే కడుపు చెబుతుంది. వివేచన తగ్గిపోతే ఆ సంగతి చెప్పవలసినది కూడా ఆ వివేచనే. కనుక శిఖరం మీదికి పోవలెనా, వెనుదిరగవలెనా అన్న నిర్ణయాన్ని అక్కడికి చేరిన తరువాత తీసుకోవడం ప్రమాదకరం. కింద ఉన్నప్పుడే, బుద్ధి నిలకడగా ఉన్నప్పుడే తీసుకోవాలి. అందుకే అనుభవజ్ఞులు ముందే ఒక గడువు పెట్టుకుంటారు. ఎవరెస్టుపై సాధారణంగా ఆ గడువు మధ్యాహ్నం రెండు గంటలు. అప్పటికి శిఖరం చేరకపోతే, అది చేతికందే దూరంలో ఉన్నా సరే, తిరుగు ముఖం పట్టాలి.

గడువు వెనుక ఒక లెక్క ఉంది. నాలుగు లీటర్ల సిలిండరులో అధిక పీడనంతో నింపిన ప్రాణవాయువు బయటి కొలతలో సుమారు 1200 లీటర్లు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే అది పది గంటలు వస్తుంది. ఆరోహకులు చివరి శిబిరం నుంచి రాత్రివేళ బయలుదేరి, ఉదయానికి శిఖరం చేరి, పగటి వెలుగులోనే దిగిరావాలని లెక్క వేసుకుంటారు. దారిలో రెండు మూడు గంటలు ఆలస్యమైతే గాలి, వెలుగు, ఒంట్లో శక్తి మూడూ దాదాపు ఒకేసారి తరిగిపోతాయి. దిగేటప్పుడు మరణాలు ఎక్కువ కావడానికి ఇదే ముఖ్యకారణం. ఉన్న బలమంతా ఎక్కడానికే ఖర్చయిపోతుంది.

చలి, గాలి, జారే మంచు

బయటి ప్రమాదాలు కూడా తక్కువేమీ కాదు. మే నెలలో సైతం ఎవరెస్టు శిఖరంపై ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. వాతావరణపు పై పొరలలో అతివేగంగా ప్రవహించే గాలి ఏడాదిలో చాలాకాలం ఆ శిఖరాన్ని తాకుతూ ఉంటుంది. శీతకాలంలో దాని వేగం గంటకు 160 కిలోమీటర్లకు మించుతుంది. రుతుపవనాలకు ముందు, మే నెలలో, ఆ ప్రవాహం కొద్దిరోజులు ఉత్తరానికి తొలగుతుంది. ఆరోహకులందరూ ఆ కొద్దిరోజుల కోసమే కాచుకుని ఉంటారు.

విపరీతమైన చలిలో దేహం తన వేడిని గుండెకు, మెదడుకు దాచిపెట్టి, చేతులకు కాళ్ళకు రక్తాన్ని తగ్గిస్తుంది. దానితో వేళ్ళు గడ్డకట్టి, కండ చచ్చిపోతుంది. 1950 జూన్ 3న అన్నపూర్ణను అధిరోహించి, 8000 మీటర్ల శిఖరాన్ని ఎక్కిన తొలి మానవులుగా చరిత్రకెక్కిన మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ ఇద్దరూ ఆ కీర్తికి వేళ్ళతో మూల్యం చెల్లించారు. హెర్జోగ్ కాలివేళ్ళన్నీ, చేతివేళ్ళలో ఎక్కువ భాగం కోల్పోయారు.

మంచు కూడా కదలని పదార్థం కాదు. ఎవరెస్టు దక్షిణ మార్గంలో మొట్టమొదట దాటవలసిన ఖుంబు హిమపాతం రోజుకు ఒక మీటరు వరకు జరుగుతూ ఉంటుంది. ఇళ్ళంత మంచు దిమ్మెలు ఎప్పుడు కూలుతాయో తెలియదు. వాటి నడుమ ఉన్న లోతైన పగుళ్ళపై అల్యూమినియం నిచ్చెనలు వేసి దాటుతారు. ఎండ తగిలి మంచు సడలక ముందే దాటాలని అర్ధరాత్రి దాటాక బయలుదేరుతారు. కె-2పై సీసామెడ అని పేరొందిన ఇరుకు సందుకు పైన ఒక పెద్ద మంచు గోడ వేలాడుతూ ఉంటుంది. 2008 ఆగస్టు 1న దానినుంచి విరిగిపడిన మంచు, దిగడానికి కట్టిన తాళ్ళను తెంచుకుపోయింది. చీకటిలో పైన చిక్కుకున్నవారు, వారిని కాపాడబోయినవారు కలిపి రెండు రోజులలో 11 మంది మరణించారు.

1996 మే 10

బుద్ధి, గడువు, తుపాను కలిసి ఎంత అనర్థం చేయగలవో 1996 మే 10న ఎవరెస్టుపై వెల్లడైంది. ఆనాడు న్యూజీలాండుకు చెందిన రాబ్ హాల్, అమెరికాకు చెందిన స్కాట్ ఫిషర్ నాయకత్వంలో రెండు బృందాలు దక్షిణ మార్గాన శిఖరం వైపు సాగాయి. ఇద్దరూ అనుభవశాలులే. గడువు పాటించడంలో హాల్ మరింత నిక్కచ్చి మనిషి. అంతకు ముందు ఏడాది శిఖరానికి కొద్ది దూరంలో ఉండగా తన బృందంలోని ఒక తపాలా ఉద్యోగిని ఆయన వెనక్కు తిప్పారు. ఆ వ్యక్తి కష్టపడి డబ్బు కూడబెట్టుకుని 1996లో మళ్ళీ వచ్చాడు.

ఆ రోజు తాళ్ళు సకాలంలో బిగించకపోవడం వల్ల, ఎక్కేవారు బారులు తీరడం వల్ల ఆలస్యం జరిగింది. రెండు గంటలు దాటినా అనేకులు పైకి పోతూనే ఉన్నారు. ఆ తపాలా ఉద్యోగి శిఖరం చేరేసరికి నాలుగు గంటలైంది. హాల్ అతని కోసం వేచి ఉన్నారు. కొద్దిసేపటికే తుపాను విరుచుకుపడింది. ఆ ఉద్యోగి తిరిగి రాలేదు. హాల్ ఒక రాత్రి అక్కడే గడిపి, మరునాడు రేడియో ద్వారా స్వదేశంలో ఉన్న గర్భవతి అయిన భార్యతో చివరిసారి మాట్లాడి కన్నుమూశారు. ఫిషర్ కూడా దిగలేకపోయారు. అదే తుపానులో ఉత్తర మార్గాన భారత టిబెట్ సరిహద్దు పోలీసు దళానికి చెందిన త్సెవాంగ్ సమన్లా, దోర్జే మోరుప్, త్సెవాంగ్ పల్జోర్ అన్న ముగ్గురు లద్దాఖ్ వీరులు ప్రాణాలు విడిచారు. మొత్తం మృతులు ఎనిమిది మంది.

ఈ సంఘటనలో హాల్‌ను నిందించడం సులభం. కాని ఒకసారి నిరాశపడిన మనిషిని రెండవసారి కూడా వెనక్కు పంపలేకపోయిన జాలిగుణమే ఆయనను ఆపి ఉండవచ్చునని చాలామంది భావించారు. గాలి పలుచనైన చోట మంచి గుణం కూడా ప్రాణాంతకం కాగలదు.

బరువు మోసేవారి ప్రాణాలు

శిఖరం చేరినవారి పేర్లు పత్రికలకెక్కుతాయి. వారి గుడారాలను, వంట సామగ్రిని, సిలిండర్లను మోసి, నిచ్చెనలు వేసి, తాళ్ళు బిగించేవారు ఎక్కువగా నేపాల్‌లోని షెర్పాలు. డబ్బు చెల్లించి వచ్చిన ఆరోహకుడు ఖుంబు హిమపాతాన్ని ఒక సీజనులో కొద్దిసార్లే దాటితే, బరువు మోసే షెర్పా అంతకు ఎన్నో రెట్లు దాటవలసి వస్తుంది. ఎవరెస్టుపై మరణించినవారిలో మూడో వంతుకు పైగా ఇటువంటి కూలిపని వారే కావడం ఇందుకు నిదర్శనం. విదేశీయులు ఎక్కువగా శిఖరం దగ్గర మరణిస్తే, షెర్పాలు ఎక్కువగా దిగువన, హిమపాతాలకు, మంచు చరియలకు బలి అవుతున్నారు.

2014 ఏప్రిల్ 18 ఉదయం ఖుంబు హిమపాతంపై మంచు చరియ కూలి 16 మంది నేపాలీ పనివారు మరణించారు. ఒక్కొక్క కుటుంబానికి అంత్యక్రియల ఖర్చుగా నేపాల్ ప్రభుత్వం తొలుత ప్రకటించిన మొత్తం 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆగ్రహించి పనికి పోవడానికి నిరాకరించారు. ఆ ఏడాది దక్షిణ మార్గంలో ఆరోహణ దాదాపు నిలిచిపోయింది. ఆ తరువాత వారి జీవిత బీమాను 15 లక్షల నేపాలీ రూపాయలకు పెంచారు. మరుసటి ఏడాది 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపంతో కూలిన మంచు ఆధార శిబిరాన్నే ముంచెత్తి 15 మందికి పైగా ప్రాణాలు తీసింది.

కమి రీటా షెర్పా 2025 మే నాటికి 31 సార్లు ఎవరెస్టు ఎక్కి ఎవరికీ లేని ఘనత సాధించారు. అయినా ఇది వారికి ప్రధానంగా బతుకుతెరువు. పొట్టకూటికి ఇల్లు విడిచి దూరప్రాంతాలకు పనికి పోయే కుటుంబాలకు ఈ సంగతి సులభంగానే అర్థమవుతుంది.

సాయం ఎందుకు అందదు?

ఎవరెస్టు పైభాగాన సుమారు రెండు వందల మృతదేహాలు నేటికీ ఉన్నాయని అంచనా. 1924లో అదృశ్యమైన జార్జి మలోరీ దేహం 75 ఏళ్ళ తరువాత, 1999లో, 8100 మీటర్లకు పైన కనుగొనబడింది. ఆయన శిఖరం చేరి దిగుతూ పడిపోయారా, చేరక మునుపే పడిపోయారా అన్నది నేటికీ తేలలేదు.

2005 మే 14న ఫ్రెంచి వైమానికుడు దిదియే దెల్సాల్ ఎవరెస్టు శిఖరంపైనే హెలికాప్టరును దింపిన మాట నిజమే. కాని అది తేలికపరచిన యంత్రంతో, అనుకూల వాతావరణంలో చేసిన సాహసం. గాలి పలుచనైనచోట రెక్కలకు పట్టు దొరకదు. కనుక రక్షణకు వచ్చే హెలికాప్టర్లు సాధారణంగా 6400 మీటర్ల సమీపంలోని రెండవ శిబిరం వరకే వస్తాయి. అంతకు పైన మనిషిని మనిషే మోయాలి. తన కాళ్ళపై తాను నిలవడమే కష్టమైన చోట మరొకరిని మోయడం ఎంత దుస్సాధ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

2006 మే నెలలో ఉత్తర మార్గంలో ప్రాణాపాయస్థితిలో కూర్చుని ఉన్న ఒక ఆంగ్లేయుని పక్కనుంచి సుమారు 40 మంది దాటిపోయారన్న వార్త లోకాన్ని కలవరపరిచింది. ఆయన మరణించాడు. అదే నెలలో, మరణించాడని వదిలివేయబడిన ఆస్ట్రేలియా వాసి లింకన్ హాల్ మరునాటి ఉదయం సజీవంగా కనిపించాడు. అటుగా వచ్చిన బృందం తమ శిఖర ప్రయత్నాన్ని వదులుకుని ఆయనకు తోడుగా నిలిచింది. ఆయన బతికి బయటపడ్డాడు. 2023 మే నెలలో గెల్జే షెర్పా తాను వెంట తీసుకుపోతున్న ఆరోహకుని ఒప్పించి, శిఖర యాత్రను మానుకుని, స్పృహ కోల్పోయే స్థితిలో ఉన్న ఒక మలేసియా వాసిని వీపున మోసుకుని దించారు. సాయం అసాధ్యం కాదని, అయితే అందుకు శిఖరాన్ని వదులుకోవలసి ఉంటుందని ఈ రెండు సంఘటనలు తెలుపుతున్నాయి.

రద్దీ కూడా ఇటీవలి కాలంలో ప్రమాదహేతువైంది. 2019 వసంతంలో నేపాల్ ప్రభుత్వం 381 మంది ఆరోహకులకు అనుమతులు ఇచ్చింది. అనుకూలమైన రోజులు కొద్దే కావడంతో శిఖరం కింద బారులు తీరి నిలిచినవారి ఛాయాచిత్రం ప్రపంచమంతటా ప్రచురితమైంది. ఆ సీజనులో ఎవరెస్టుపై 11 మంది మరణించారు. 2025 సెప్టెంబరు నుంచి వసంతకాలపు అనుమతి రుసుమును నేపాల్ 11 వేల డాలర్ల నుంచి 15 వేల డాలర్లకు పెంచింది.

తెలుగునాట రెండు దారులు

ఈ పర్వతాలతో తెలుగువారికి కూడా అనుబంధం ఉంది. 1985లో భారత సైన్యం ఎవరెస్టుపైకి పంపిన బృందంలో ఐదుగురు అధికారులు మరణించారు. వారిలో ఒకరు విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు. అదే పాఠశాలలో తరువాత చదివిన నెల్లూరు జిల్లా వాసి మల్లి మస్తాన్‌బాబుకు ఆయన జీవితమే ప్రేరణ. మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించి కీర్తి గడించారు. అంతటి అనుభవజ్ఞుడు కూడా 2015 మార్చి 24 తరువాత అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఉండగా వాతావరణం వికటించి కనిపించకుండా పోయారు. ఏప్రిల్ 3న ఆయన మృతదేహం లభించింది. అక్కడి శిఖరం 8000 మీటర్లది కాదు, 6700 మీటర్లకు కొంచెం పైబడినది మాత్రమే.

మరొక వైపు, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 సంవత్సరాల 11 నెలల వయస్సులో, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు అధిరోహించారు. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతో పాటు శిఖరం చేరారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. భువనగిరి కొండపై మొదలైన వారి శిక్షణ డార్జిలింగులో, లద్దాఖ్‌లో నెలల తరబడి సాగింది. వారి విజయాన్ని చూసి ఉత్సాహపడే పిల్లలు, తల్లిదండ్రులు ఆ శిక్షణను కూడా చూడాలి. ధైర్యం పుట్టుకతో రావచ్చును గాని, ఎప్పుడు ఆగాలో తెలిసిన గురువు వెంట నడవడం నేర్చుకుంటేనే వస్తుంది.

యాత్రికులు గుర్తుంచుకోవలసినవి

ఎవరెస్టు ఎక్కేవారు మన ఊళ్ళలో అరుదు. కాని కేదారనాథ్ (3583 మీటర్లు), అమరనాథ్ గుహ (3888 మీటర్లు) వంటి క్షేత్రాలకు పోయే కుటుంబాలు అనేకం. కైలాస ప్రదక్షిణలో దాటవలసిన డోల్మా కనుమ ఎత్తు దాదాపు 5630 మీటర్లు. అది ఎవరెస్టు ఆధార శిబిరం కంటె ఎత్తు. 2500 మీటర్లు దాటిన ఏ చోటనైనా ఎత్తు అస్వస్థత కలుగవచ్చు. అది వయస్సును గాని, కండబలాన్ని గాని చూడదు. దృఢకాయులైన యువకులు వేగంగా ఎక్కి, పెద్దలకంటె ముందే జబ్బుపడిన సందర్భాలు కూడా ఉన్నాయి.

3000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకు ఒకసారి విశ్రాంతి తీసుకోవడం క్షేమం. తలనొప్పి, వికారం ఉన్నప్పుడు పైకి సాగరాదు. మద్యానికి, నిద్రమాత్రలకు దూరంగా ఉండాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు బయలుదేరక ముందే వైద్యుని సంప్రదించాలి. మడమకు బొటనవేలు ఆనించి గీతపై నడిచినట్లు పది అడుగులు వేయమంటే తూలుతున్నా, కూర్చున్నచోట ఆయాసపడుతున్నా తెల్లవారేదాకా ఆగరాదు. ఆ రాత్రే కిందికి దింపాలి. అటువంటి వారిని ఎన్నడూ ఒంటరిగా పంపకూడదు. దైవదర్శనం మరొక ఏడాది చేసుకోవచ్చు.

వెనుదిరిగిన మనిషి

1996లోనే జరిగిన మరొక సంగతి చెప్పుకోదగినది. గోరాన్ క్రోప్ అనే స్వీడన్ యువకుడు 1995 అక్టోబరులో తన దేశం నుంచి సామగ్రితో సైకిలుపై బయలుదేరి నేపాల్ చేరాడు. సిలిండరు గాలి లేకుండా, షెర్పాల సాయం తీసుకోకుండా ఎవరెస్టు ఎక్కాలన్నది అతని సంకల్పం. మే నెల మొదటి వారంలో అతడు శిఖరానికి సుమారు వంద మీటర్ల దూరం వరకు చేరాడు. అప్పటికే పొద్దు మీరింది. ఇంకా సాగితే చీకటిలో దిగవలసి వస్తుందని గ్రహించాడు. వేల కిలోమీటర్లు సైకిలు తొక్కి వచ్చినవాడు ఆ వంద మీటర్లను వదిలి వెనుదిరిగాడు.

కొద్దిరోజులకే వచ్చిన తుపానులో ఎనిమిది మంది మరణించారు. క్రోప్ కిందనే ఉండి, కోలుకుని, మే 23న మళ్ళీ ఎక్కాడు. ఈసారి శిఖరం చేరి, క్షేమంగా దిగి, సైకిలుపై స్వదేశానికి తిరుగు ప్రయాణమయ్యాడు.

కొండ ఎక్కడికీ పోదు. ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి కావలసినది మనిషి తిరిగి రావడమే.